మెట్లు దిగుతుంటే మోకాలి చిప్ప వెనక నొప్పి: మోకాలు వంచడం మానేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. చదును నేల మీద ఎంతసేపు నడిచినా మోకాలికి ఏమీ కాదు. మెట్లు ఎక్కుతుంటే కొంచెం, దిగుతుంటే బాగా, చిప్ప వెనకాల నొప్పి. చాలాసేపు కూర్చుని లేస్తే పట్టేసినట్టుంటుంది, నాలుగడుగులు వేశాక సర్దుకుంటుంది. వంచినప్పుడల్లా కరకరమంటుంది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఎవరో "గుజ్జు అరిగిపోయింది, ఇక మోకాలు వంచకు" అన్నారట. అప్పట్నుంచి మెట్లు మానేసి లిఫ్టే వాడుతున్నారు, అయినా ఏడాదిలో నొప్పి పెరిగిందే తప్ప తగ్గలేదు. వంచడం పూర్తిగా మానేయాలా, నీ క్యాప్, అంటే మోకాలికి తొడిగే పట్టీ, వేసుకోవాలా అని అడిగారు.

సూటిగా చెబుతాను. మోకాలు వంచడం మానేయకండి. ఎంత వంచాలి, ఎంత బరువుతో వంచాలి అన్నది మార్చుకోండి. మీరు రాసిన లక్షణాలు చిప్ప కీలు నొప్పికి అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి. ఇలాంటి నొప్పిలో చాలావరకు అసలు సమస్య అరుగుదల కాదు. చిప్ప మీద పడే ఒత్తిడికీ, దాన్ని మోయడానికి తొడలో ఉన్న సత్తాకీ పొంతన కుదరకపోవడం. మీరు మెట్లు మానేసిన ఏడాదిలో ఒత్తిడి తగ్గింది నిజమే, దాంతోపాటు సత్తా కూడా తగ్గింది. నేను ఫిజియోథెరపిస్టుని. కాలు చేత్తో పట్టి చూడకుండా ఇదే జబ్బని ముద్ర వేయలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి నా అంచనా ఇది.

ఇంత ధీమా ఎందుకంటే, చదును నేల మీద రాని నొప్పి మెట్ల మీద వస్తోందన్న ఒక్క ముక్కే చాలా సంగతులు చెబుతుంది. అదెలాగో తెలియాలంటే మోకాలు లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి.

మోకాలు తలుపు బందు లాంటిదని, ఒకే ఇరుసు మీద తెరుచుకుని మూసుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా అయితే మా పని చాలా తేలికయ్యేది. తొడ ఎముక కింది కొస రెండు గుండ్రటి ముడులుగా ఉంటుంది. దాని కింద ఉండే టిబియా ఎముక పైభాగం దాదాపు చదును. గుండ్రటిది చదును మీద ఊరికే దొర్లితే వెనక అంచు దాటి పడిపోవాలి, ఎందుకంటే ముడి వంపు పొడవు టిబియా పైభాగం కంటే దాదాపు రెట్టింపు. పడిపోదు, ఎందుకంటే దొర్లుతూనే ముందుకు జారుతుంది కూడా. ఈ సంగతి జర్మనీలో వెబర్ సోదరులు 1836లోనే పట్టుకున్నారు. దొర్లడాన్నీ జారడాన్నీ అదుపులో ఉంచేవి మధ్యలో ఒకదాన్నొకటి దాటుకుపోయే రెండు లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు. ముందుది ఏసీఎల్, టిబియా ముందుకు జరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. వెనకది పీసీఎల్, వెనక్కి పోకుండా ఆపుతుంది.

పైగా లోపలి వైపు, బయటి వైపు ఒకేలా కదలవు. మోకాలు వంగేటప్పుడు లోపలి ముడి ఇంచుమించు ఉన్నచోటే తిరుగుతుంది, బయటి ముడి బాగా వెనక్కి జరుగుతుంది. అంటే వంగడంలోనే మెలి కూడా ఉంది. కావాలంటే ఇప్పుడే చూసుకోండి. కుర్చీ అంచున కూర్చుని, చిప్ప కింద రెండు మూడు వేళ్ళ దూరంలో ఎముక మీద చేతికి తగిలే బొడిపె మీద వేలు పెట్టండి. పాదం నేలకు ఆనకుండా మోకాలు మెల్లగా చాచండి. చివరి 20 డిగ్రీల్లో ఆ బొడిపె కాస్త బయటి వైపుకి తిరుగుతుంది. మోకాలు లాక్ అవడం అంటే అదే. లాక్ పడ్డాక ఊరికే నిలబడటానికి తొడ కండరాలు పెద్దగా శ్రమపడక్కర్లేదు. మళ్ళీ వంచాలంటే మోకాలి వెనక ఉండే పాప్లిటియస్ అనే చిన్న కండరం ముందు ఆ మెలిని విప్పాలి.

మెనిస్కస్‌ల (రెండు ఎముకల మధ్య ఉండే మెత్తల) గురించి, పక్క లిగమెంట్ల గురించి ఎక్కువ రాయను, మీ కథలో వాటి పాత్ర కనిపించడం లేదు. ఒక్క ముక్క మాత్రం: లోపలి మెనిస్కస్ లోపలి లిగమెంటుకి అతుక్కుని ఉంటుంది కాబట్టి తప్పించుకునే వీలు తక్కువ, చిరగడం ఎక్కువ. బయటిది కదులుతూ తప్పించుకుంటుంది. అన్నట్టు, 2013లో "మోకాల్లో కొత్త లిగమెంటు దొరికింది" అని పత్రికలు హడావుడి చేశాయి. ఆ చోట ఒక తెల్లటి పీచు ఉందని ఫ్రెంచి సర్జన్ పాల్ సెగాన్ 1879లోనే రాశాడు. మోకాల్లో బొత్తిగా కొత్త విషయాలు తక్కువే.

ఇక చిప్ప. అసలు విషయమంతా ఇక్కడే ఉంది. చాలామంది చిప్పను మోకాలికి పెట్టిన మూత అనుకుంటారు. దాని ముఖ్యమైన పని వేరు. తొడ ముందు కండరం, అంటే క్వాడ్రిసెప్స్, లాగే తాడును ఎముక నుంచి కాస్త ముందుకు ఎత్తిపట్టడం. తాడు ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ బలంతో కాలు చాచగలం. ప్రమాదాల్లో చిప్ప ముక్కలైపోయి తీసేయాల్సి వచ్చినవాళ్ళు నడవగలరు, కానీ మెట్ల దగ్గరా కుర్చీలోంచి లేచేటప్పుడూ ఆ లోటు తెలుస్తుంది.

కాలు చాచి తొడ వదులుగా పెడితే చిప్పను వేళ్ళతో అటూ ఇటూ కదపొచ్చు. తొడ బిగిస్తే పైకి జరిగి గట్టిపడుతుంది. ఓ 20, 30 డిగ్రీలు వంచేసరికి తొడ ఎముక ముందున్న గాడిలోకి దిగి కూర్చుంటుంది, ఇక పక్కలకి కదలదు. ఇంకా వంచేకొద్దీ చిప్ప వెనక భాగంలో ఎముకకు ఆనే చోటు కింది నుంచి పైకి మారుతూ పోతుంది, ఆనే వైశాల్యం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు బలం సంగతి. కాలు నిటారుగా ఉంటే చిప్పను పైనుంచి లాగే కండరమూ, కింద నుంచి ఎముకకు పట్టి ఉంచే తాడు లాంటి టెండనూ దాదాపు ఒకే గీతలో ఉంటాయి. లాగుడంతా నిలువునా పోతుంది, వెనక్కి నొక్కేది తక్కువ. మోకాలు వంగాక ఆ రెండూ కోణంలో పడతాయి, అప్పుడు వాటి ఉమ్మడి బలం చిప్పను నేరుగా ఎముక మీదకి అదుముతుంది. దానికి తోడు వంగిన మోకాలి మీద శరీరాన్ని నిలపడానికి కండరం కూడా ఎక్కువ లాగాలి. రెండూ కలిసి ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

ఎంత పెరుగుతుందో 1972లో రైలీ, మార్టెన్స్ అనే ఇద్దరు లెక్కగట్టారు. చదును నేల మీద నడిస్తే చిప్ప కీలు మీద శరీర బరువులో సగం. మెట్ల మీద 3.3 రెట్లు. పూర్తిగా కిందకు కూర్చుని లేస్తే 7.8 రెట్లు. తర్వాతి లెక్కల్లో అంకెలు కాస్త అటూ ఇటూ అయ్యాయి గానీ ఈ వరుస మారలేదు. మీరు 70 కిలోలుంటే నడకలో 35 కిలోలు, మెట్ల మీద 230 కిలోలు. చదును నేల మీద మీ మోకాలు ఎందుకు మాట్లాడదో ఇక అర్థమై ఉంటుంది.

మరి ఎక్కడం కంటే దిగడం ఎందుకు కష్టం? దిగేటప్పుడు కింది మెట్టు మీద దభీమని పడే కాలికి దెబ్బ తగులుతుందని అందరూ అనుకుంటారు. "ఏ కాలు నొప్పి?" అని అడిగి, దిగమని చెప్పి పక్కనుంచి చూస్తే, చాలామందికి నొప్పి వచ్చే క్షణం కింది పాదం ఇంకా మెట్టుకు తగలకముందే. నొప్పి పెట్టేది పై మెట్టు మీద మిగిలిపోయిన కాలు. ఒళ్ళంతా ఆ ఒక్క కాలి మీదే ఉంటుంది, మడమ లేస్తూ ఉంటుంది, మోకాలు ఇంకా ఇంకా వంగుతూ ఉంటుంది, క్వాడ్రిసెప్స్ సాగుతూనే బరువును ఆపుతూ ఉండాలి. ఎక్కేటప్పుడు మనం తెలియకుండానే నడుము ముందుకు వంచి పనిలో కొంత పిరుదు కండరాలకి అప్పగిస్తాం. దిగేటప్పుడు ముందుకు వంగితే పడిపోతామని ఒళ్ళు నిటారుగా పెడతాం. దాంతో భారమంతా మోకాలిదే అవుతుంది. ఈసారి దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని, ఏ కాలికి, ఏ క్షణంలో నొప్పి వస్తోందో గమనించి రాయండి. మీ వైద్యుడికీ అది పనికొచ్చే సమాచారం.

నొప్పి గుజ్జులోంచి రాదు. మీకు భయం పుట్టించిన మాట ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. గుజ్జు, అంటే కార్టిలేజ్‌లో నరాలు లేవు, రక్తనాళాలూ లేవు. స్కాట్ డై అనే అమెరికన్ ఆర్థోపెడిక్ సర్జన్ కీలు లోపల మత్తు లేకుండానే తన మోకాళ్ళలోకి ఆర్థ్రోస్కోపు (కీలు లోపల చూసే సన్నటి గొట్టం) పెట్టించుకుని, లోపల ఒక్కో భాగాన్నీ సన్నటి కడ్డీతో నొక్కిస్తూ ఎక్కడ ఎంత నొప్పో చెప్పాడు. 1998లో ఆ వివరాలు ప్రచురించారు. చిప్ప వెనక గుజ్జును నొక్కితే ఆయనకి ఏమీ తెలియలేదు. నిజానికి అక్కడ ఆయన గుజ్జు మెత్తబడి ఉంది, అయినా తెలియలేదు. చిప్ప కింద ఉండే కొవ్వు మెత్తనీ, కీలు లోపలి పొరనీ తాకితే మాత్రం తట్టుకోలేని నొప్పి. చిప్ప నొప్పిలో బాధపడేవి ఎక్కువగా ఇవీ, గుజ్జు కింద ఉండే ఎముకా. ఇవన్నీ శాంతించే రకం కణజాలాలు. చాలాసేపు మోకాలు మడిచి కూర్చుంటే పట్టేయడానికి కారణం కూడా చిప్ప అంతసేపు ఒకేచోట అదిమిపెట్టి ఉండటమే.

గుజ్జుకి రక్తం అందదు కదా, మరి తిండి? నొక్కి వదులుతూ ఉంటే కీలులోని జిగురు దాంట్లోకి పోతూ వస్తూ ఉంటుంది, అదే దానికి పోషణ. కదలిక ఆపేసి గుజ్జును కాపాడుకుందామనుకోవడం అందుకే తిరగబడుతుంది.

కరకర చప్పుడు సంగతి. నొప్పీ వాపూ లేని చప్పుడుకి నేను అసలు విలువ ఇవ్వను. కొంత కీలు జిగురులో గాలి బుడగల వల్ల, కొంత టెండన్లు ఎముక మీదుగా జారడం వల్ల, కొంత చిప్ప వెనక గరుకుదనం వల్ల వస్తుంది. ఏ బాధా లేకుండా మెట్లెక్కి దిగేవాళ్ళ మోకాళ్ళ మీద చెయ్యి పెట్టి చూడండి, ఎన్ని చప్పుళ్ళో.

చిప్ప గాడిలో సరిగ్గా నడవడం లేదని విని ఉంటారు. చాలాకాలం మేమంతా చిప్పే పక్కకి పోతోందనుకుని దాన్ని లాగి టేపులు వేసేవాళ్ళం. బరువు మోస్తున్న మోకాలికి ఎం.ఆర్.ఐ. తీసి చూసినప్పుడు తేలిందేమిటంటే, చాలామందిలో చిప్ప ఉన్నచోటే ఉంటుంది, దాని కింద తొడ ఎముక లోపలికి తిరిగిపోతోంది. తొడ ఎముకను తిప్పేది తుంటి. అందుకే నా దగ్గరికి మోకాలు పట్టుకుని వచ్చినవాళ్ళని అద్దం ముందు ఒంటికాలి మీద నిలబెట్టి కొంచెం మోకాలు వంచమంటాను. మోకాలు బొటనవేలు దాటి లోపలికి వాలిపోతుంటే, ఎత్తిన కాలి వైపు నడుము కిందకి జారుతుంటే, సగం మందు పిరుదు పక్క కండరాల్లో ఉన్నట్టే. తొడ వ్యాయామాలు మాత్రమే చేసినదానికంటే తుంటివి కూడా కలిపి చేస్తే ఫలితం బాగుంటుందని అధ్యయనాలు కూడా చెబుతున్నాయి.

ఇప్పుడు చేయాల్సింది. ఇక్కడ కోణం లెక్క తెలియాలి. నిలబడి మోకాళ్ళు వంచి కిందకి దిగి లేచే స్క్వాట్‌లో ఎంత వంగితే చిప్ప మీద అంత ఒత్తిడి. కుర్చీలో కూర్చుని చీలమండకి బరువు కట్టి కాలు చాచే వ్యాయామంలో దీనికి తలకిందులు: కాలు నిటారు అయ్యేకొద్దీ కండరం ఎక్కువ లాగాలి, అదే సమయంలో చిప్ప ఆనే చోటు చిన్నదైపోతుంది. తక్కువ చోటులో ఎక్కువ బలం. కాబట్టి స్క్వాట్ నిటారు నుంచి 45 డిగ్రీల దాకా. కూర్చుని కాలు చాచడం 90 నుంచి 45 దాకా. జిమ్‌లో చాలామంది నొప్పి ఉన్న మోకాలితో కూర్చుని, సరిగ్గా ఆ చివరి ముప్ఫై డిగ్రీలే బరువుతో పట్టి పట్టి చేస్తుంటారు. నొప్పి తగ్గేదాకా అది ఆపేయండి.

స్క్వాట్ చేసేటప్పుడు వెనక కుర్చీ పెట్టుకోండి. పిరుదులు వెనక్కి తోసి, నడుము కొంచెం ముందుకు వంచి, కుర్చీకి చాలా పైనే ఆగి లేవండి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ళు దాటకూడదనే సూత్రం విని ఉంటారు. అది శాశ్వత నియమం కాదు. దాటకుండా బలవంతంగా ఆపితే మోకాలిని వంచే బలం ఐదో వంతు తగ్గింది గానీ తుంటి మీద పదింతలైందని 2003లో ఒక ప్రయోగం చూపించింది. మీకు ఇప్పుడు కొన్ని వారాలు మోకాలిని వెనకే ఉంచడం మంచిది, ఆ తర్వాత మెల్లగా ముందుకు వదలాలి, ఎందుకంటే మెట్టు దిగాలంటే మోకాలు వేళ్ళు దాటకుండా కుదరదు.

పక్కకి పడుకుని పై కాలు మోకాలు వంచకుండా వెనక్కి, పైకి ఎత్తడం తుంటి కోసం. ఇవి రెండు మూడు వారాలు నిలకడగా చేశాక ఒక తక్కువ ఎత్తు పీట ఎక్కి, ఒక కాలి మడమను మెల్లగా నేలకి ఆనించి మళ్ళీ పైకి రండి. పని చేసేది పీట మీది కాలు, అది లోపలికి వాలకూడదు. మెట్లు దిగడానికి దీన్ని మించిన సాధన లేదు, అది మెట్లు దిగడమే కాబట్టి.

నొప్పి ఎంతవరకు ఫర్వాలేదు? పదికి రెండు మూడు వరకు వచ్చినా ఫర్వాలేదు, మర్నాడు పొద్దుటికి మునుపటి స్థితికి రావాలి. రాకపోతే మోతాదు ఎక్కువైంది, తగ్గించండి, మానేయకండి. ఆరు వారాల లోపు పెద్ద తేడా ఆశించవద్దు. పన్నెండు వారాలు పట్టడం మామూలే. బరువు ఎక్కువుంటే అది కూడా చూసుకోండి: లావుగా ఉండి కీళ్ళ అరుగుదల ఉన్న పెద్దవాళ్ళలో 2005లో కొలిస్తే, తగ్గిన ప్రతి కిలోకీ అడుగడుగునా మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గింది.

వ్యాయామానికి ముందు నొప్పి రేపే అలవాటు ఏదైనా ఉందేమో వెతకండి. సైకిల్ మీద రోజూ దూరం వెళ్ళే ఒకాయన నెలల తరబడి తొడ వ్యాయామాలు శ్రద్ధగా చేసి, తగ్గలేదని వచ్చాడు. సైకిల్ తెమ్మని దాని మీద కూర్చోబెట్టి చూస్తే పెడల్ అడుగున ఉన్నప్పుడు కూడా మోకాలు బాగా వంగే ఉంది. సీటు పైకి జరిపి, అడుగున మోకాలి వంపు 30 డిగ్రీల దగ్గరకు వచ్చేలా చేశాం. వ్యాయామాలు అవే, మార్చింది సీటే, తగ్గిపోయింది.

మరో ఆవిడ మోకాలి నొప్పనే వచ్చింది. మోకాలు ఎటు నొక్కినా, వంచినా ఏమీ లేదు. పడుకోబెట్టి తుంటిని లోపలికి తిప్పగానే ముఖం చిట్లించింది, చెయ్యి మాత్రం మోకాలి మీదకే పోయింది. జబ్బు తుంటి కీలులో ఉంది. రెండింటికీ పోయే నరాలు కొన్ని ఒకటే కాబట్టి ఇలా అవుతుంది. పెరిగే వయసు పిల్లలు మోకాలు నొప్పితో కుంటుతుంటే తుంటి తప్పకుండా చూడాలి, ఆలస్యం చేయకూడదు.

నేను చెప్పినవి వీటిలో ఏదైనా ఉంటే పనికిరావు, వెంటనే చూపించుకోండి: మెలిపడి టప్పుమని శబ్దం వచ్చి గంటల్లోనే మోకాలు వాచిపోవడం, మోకాలు మధ్యలో ఇరుక్కుని చాచలేకపోవడం, నడుస్తుంటే కాలు కిందకి కూలిపోవడం, ఎర్రబడి వేడెక్కి జ్వరం రావడం, కదలకుండా ఉన్నా రాత్రిళ్ళు నొప్పి, పిక్క వాచి నొప్పెట్టడం. చిన్నపాటి వాపునైనా తేలిగ్గా తీసుకోకండి. మామూలుగా మోకాల్లో ఉండే జిగురు కొద్ది మిల్లీలీటర్లే. అది 20, 30 మిల్లీలీటర్లు చేరితే చాలు, తొడ లోపలి వైపు కండరానికి నరాల సంకేతం తగ్గిపోతుంది. మనం ఎంత బిగించాలనుకున్నా అది బిగుసుకోదు. వాపు ఉండగా బలం పెంచాలని చూస్తే శ్రమే మిగులుతుంది, ముందు వాపు తగ్గాలి.

నీ క్యాప్ గురించి అడిగారు కదా. బయటికి వెళ్ళినప్పుడు, ఎక్కువ మెట్లున్న రోజున వేసుకుంటే ధైర్యంగా ఉంటే వేసుకోండి, హాని లేదు. దాని వల్ల కండరం బలపడదు, చిప్ప దారి మారదు. చిప్పకు కన్నం ఉన్నది తీసుకోండి, చిప్పను వెనక్కి అదిమే బిగుతుది వద్దు. ఇంట్లో ఉన్నప్పుడు తీసేయండి.